తల లేని మాట: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ అనువాద వ్యాసం చదివాను. నైజీరియాలోని ఇగ్బో ప్రజల గురించి రాస్తూ, మూలంలోని ‘అసెఫలస్’ అనే విశేషణాన్ని నువ్వు ‘తలలేని సమాజం’ అని దించేశావు. తెలుగులో తలకాయ లేదంటే తెలివి లేదనే కదా అర్థం!

గ్రీకులో ‘కెఫలే’ అంటే తల. దాని ముందు చేరిన ‘అ’ మన అధర్మంలో, అజ్ఞానంలో ఉన్న ‘అ’కు తోబుట్టువు, అచ్చుకు ముందు అక్కడా ఇక్కడా ‘అన్’ అవుతుంది కనుకనే మనకు అనంతం, వారికి అనార్కీ. మెదడువాపును వైద్యులు ఎన్‌సెఫలైటిస్ అన్నప్పుడు వినిపించేదీ ఆ తలే. రొమ్ము మీద కళ్ళున్న అకెఫలోయి, అంటే తలలేనివారు, తమ దేశంలో ఉన్నారని లిబియావారు చెప్పుకుంటారని క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు (మన కబంధుడు నీకు గుర్తు రాకపోతేనే ఆశ్చర్యం). ఆ తరువాత ఈ మాట ఆల్చిప్పల జాతికీ, మొదటి అక్షరం లోపించిన పద్యపాదానికీ, తొలి ఆకులు పోయిన రాతప్రతికీ, క్రీ.శ. 482లో తూర్పు రోమన్ చక్రవర్తి జెనో మతవివాదం ఆపడానికి ఇచ్చిన రాజీపత్రాన్ని అంగీకరించిన అలెగ్జాండ్రియా మతాధిపతిని కాదని విడిపోయి పెద్ద లేకుండా మిగిలిన క్రైస్తవులకూ అంటుకుంది.

రాజూ సింహాసనమూ లేని సమాజాలకు దీన్ని తగిలించినవారు 20వ శతాబ్దపు మానవశాస్త్రజ్ఞులు. నీ వ్యాసానికి కావలసిన అర్థం ఇదే, జాగ్రత్త పడవలసిందీ ఇక్కడే. చాలా ఇగ్బో గ్రామాల్లో పెద్దల సభలూ, ఈడువారి బృందాలూ, ఆడవారి సంఘాలూ కలిసి వ్యవహారం నడిపేవి. ఆజ్ఞాపించే ఒక్క మనిషి కనిపించక, బ్రిటిష్ పాలకులు అధికారపత్రాలిచ్చి తామే ‘వారంట్ చీఫ్’లను నిలబెట్టారు. 1929 నవంబరులో ఒలోకో అనే ఊళ్ళో, పామాయిల్ తీస్తున్న న్వాన్యెరువా అనే స్త్రీని ఇంట్లోని మనుషులనూ మేకలనూ లెక్క చెప్పమని అక్కడి చీఫ్ మనిషి అడిగితే, మీ అమ్మను లెక్కపెట్టారా అని ఆమె ఎదురడిగింది. లెక్క తీసేది పన్ను వెయ్యడానికేనన్న భయంతో మొదలైన ఆ గొడవ వేలాది స్త్రీల తిరుగుబాటై, చీఫ్‌ల ఇళ్ళను చుట్టుముట్టింది. పోలీసుల, సైనికుల కాల్పుల్లో యాభైకి పైగా స్త్రీలు మరణించారు. తల లేదనిపించుకున్న ఊళ్ళు అంత త్వరగా ఒక్కటి కావడం ఎలా సాధ్యమైందో నీ పాఠకుడికి తెలియాలి.

‘అరాజకం’ అని మాత్రం మార్చకు. అది మన చెవికి దొమ్మీలాగే వినిపిస్తుంది. ‘ఏలిక లేని సమాజం’ అని దిద్ది, ఆ సభలు ఎలా సాగేవో రెండు వాక్యాలు చేర్చి మళ్ళీ పంపు.