రాత్రిళ్లు గోక్కునే చంటోడి కోసం పెద్దమ్మ ఉత్తరం

కాకినాడ,
డిసెంబరు నెల

అమ్మలూ,

రాత్రి రెండున్నరకి నువ్వు పంపిన ఫొటోలు పొద్దున కాఫీ తాగుతూ చూశాను. వాడి మోచేతుల మడతల కంటే ముందు నువ్వు పంపిన టైము చూసి కడుపు తరుక్కుపోయింది. ఫోన్లో చెబుదామంటే సగం మాటలు వాడి ఏడుపులో కలిసిపోతాయి, మిగతా సగం నువ్వు మర్చిపోతావు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ఫ్రిజ్ మీద అంటించుకో.

ఏడు నెలల్లో నలుగురు డాక్టర్లని చూశాం, ఆరు ట్యూబులు వాడాం, ఏదీ పనిచేయలేదు అన్నావు. ఆ ఆరు ట్యూబుల ఫొటో పెద్దది చేసి చూశాను. ఒక్కటీ సగం కూడా ఖాళీ కాలేదు. మూడు రోజులు రాయడం, తగ్గగానే ఆపేయడం, మళ్లీ లేవగానే ఇంకో డాక్టరు. నిన్ను తప్పుపట్టడం లేదు. ముప్పై ఏళ్లు పిల్లల వార్డులో నర్సుగా చేసిన దాన్ని, నా సొంత కొడుకు దగ్గర నేనూ ఇదే చేశాను.

ముందు ఒక ప్రశ్న. మీ ఇంట్లో ఇంకెవరికైనా దురదగా ఉందా? నీకు, అల్లుడుగారికి, మీ అత్తగారికి, పొద్దున్నుంచి వాణ్ణి ఎత్తుకుని తిప్పే పనమ్మాయికి? మొహమాటపడకుండా ఒక్కొక్కరినీ విడిగా అడుగు. ఎందుకంటావా, మా రెండోవాడి కథ చెబుతాను.

వాడికి నాలుగో నెల నుంచే బుగ్గలు ఎర్రగా, గరుగ్గా ఉండేవి. అది ఎగ్జిమా, అంటే చర్మం పొడిబారి ఎర్రబడి దురదపెట్టే, ఒకరి నుంచి ఒకరికి అంటని జబ్బు అని మా డాక్టరు తేల్చారు. ఏడాదిన్నర వచ్చాక ఉన్నట్టుండి ఒళ్లంతా పొక్కులు. రాత్రయితే చాలు, గోకుడే గోకుడు. పాతదే ముదిరింది అనుకుని నేను ఉన్న క్రీమే రాశాను. నాలుగు రోజులు చల్లబడేది, మళ్లీ రెట్టింపు. రెండు నెలలు అలా గడిచాయి. ఒకరోజు నైట్ డ్యూటీ మార్చుకుని పెందలాడే ఇంటికొస్తే, దోమతెరలో మనవణ్ణి పక్కన పడుకోబెట్టుకుని మా అత్తగారు మణికట్టు గోక్కుంటున్నారు. లైటు వేసి చూద్దును కదా, వేళ్ల సందుల్లో సన్నటి గీతలు, పొక్కులు. గజ్జి. నెలన్నర నుంచీ ఉందట! "నర్సు కోడలికి గజ్జి ఉందని ఎలా చెప్పను" అని దాచుకున్నారు. ఆవిణ్ణి ఏమనగలం చెప్పు? మన దగ్గర ఆ మాటని తిట్టులాగే వాడతాం. శుభ్రంగా ఉండేవాళ్లకీ వస్తుందని ఎవరూ చెప్పరు.

గజ్జి అంటే కంటికి ఆనని పురుగు, చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. మొదటిసారి అంటుకున్నప్పుడు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. అంటే ఇప్పుడు దురద లేనివాళ్ల ఒంటి మీద కూడా ఉండొచ్చు. అందుకే ఒక్క పిల్లాడికి మందు రాస్తే లాభం లేదు, ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. ఆ రోజుల్లో వార్డులో బెంజైల్ బెంజోయేట్ లోషన్ ఉండేది, పిల్లలు మంటకి గుక్కపట్టేవాళ్లు. ఇప్పుడు ఐదు శాతం పర్మెత్రిన్ క్రీమ్ వచ్చింది, చాలా నయం. డాక్టరు గజ్జి అని చెబితే మెడ నుంచి అరికాలి దాకా, వేళ్ల సందులు, బొడ్డు, గోళ్ల కింద కూడా రాసి, ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు ఉంచి కడగాలి. చంటిపిల్లలకైతే కళ్లూ నోరూ వదిలేసి తలకీ మొహానికీ కూడా రాయమంటారు. వారం పది రోజులకి ఇంకోసారి. దుప్పట్లు, దిండు గలీబులు, ఒంటి మీది బట్టలు అదే రోజు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేనివి, వాడి ఎలుగుబంటి బొమ్మలాంటివి, ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి వారం పక్కన పెట్టేయ్. మందు పనిచేశాక కూడా దురద రెండు మూడు వారాలు ఉంటుంది. అది చూసి కంగారుపడి రోజూ రాసెయ్యకు.

అయితే నీ ఫొటోలు చూస్తుంటే నాకు గజ్జి కంటే ఎగ్జిమానే అనిపిస్తోంది. మోచేతి మడతలు, మోకాళ్ల వెనక, మెడ చుట్టూ. డైపర్ వేసే చోటు మాత్రం నున్నగా ఉందన్నావు కదా, ఎగ్జిమాలో సాధారణంగా అలాగే ఉంటుంది. అల్లుడుగారికి పొద్దున్నే పది తుమ్ములు, వాళ్ల నాన్నగారికి ఉబ్బసం. అలాంటి అలర్జీలున్న కుటుంబాల పిల్లల్లో ఇది ఎక్కువ. కానీ ఫొటోలు చూసి నిర్ణయించడానికి నేనెవరిని? చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, బట్టలన్నీ విప్పి, వేళ్ల సందులు కూడా చూపించు. ప్రైవేటు ఫీజులు భారమైతే గాంధీలోనూ ఉస్మానియాలోనూ చర్మవ్యాధుల విభాగం ఉంది, పొద్దున్నే వెళ్లాలి. కాళ్ల మీద మాత్రం విడివిడిగా గట్టి పొక్కులున్నాయి చూడు, అవి దోమకాట్లు కావచ్చు, కొందరి పిల్లల ఒళ్లు వాటికి అలా పొంగుతుంది. దోమతెర కట్టు. గుండ్రంగా, అంచు లేచి, మధ్యలో మామూలుగా ఉన్న మచ్చ కనిపిస్తే అది ఫంగస్ వల్ల వచ్చే తామర కావచ్చు, దాని మందు వేరు.

ఇప్పుడు ఆ ఆరు ట్యూబుల్లో నాకు భయం వేసింది ఒక్కదాన్ని చూసే. మీ అపార్ట్‌మెంట్ కింద మెడికల్ షాపులో ఇచ్చిందన్నావే, అది. పేరు చూడకు, వెనక చిన్నక్షరాలు చూడు. క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్, నియోమైసిన్ అనే యాంటీబయాటిక్, మైకోనజోల్ అనే ఫంగస్ మందు. ఒకటి కాకపోతే ఇంకొకటి తగులుతుందని మూడు మందులు కలిపి కొట్టడం. అందులో క్లోబెటసాల్ స్టెరాయిడ్ క్రీముల్లో బాగా ఘాటైన వాటిలో ఒకటి. ఏడాదిన్నర పిల్లాడి బుగ్గల మీద రాస్తే రెండు రోజుల్లో మాయం చేస్తుంది, నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పల్చబడుతుంది. ఉన్నది తామరైతే లోపల్లోపల పాకిస్తుంది, గజ్జైతే ఆనవాలు దొరక్కుండా చేస్తుంది. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో రూలు కూడా తెచ్చారు. ఎవరు పాటిస్తున్నారు? దాన్ని వాడి మొహానికి ఇక రాయకు. పారేయకుండా డాక్టరుకి చూపించు, ఎన్నాళ్లు ఎక్కడెక్కడ రాశావో దాచకుండా చెప్పు.

అలాగని స్టెరాయిడ్ అన్న మాట వినగానే బెదిరిపోకు. ఇది మీ తరానికి ఇంటర్నెట్ తెచ్చిన జబ్బు. పిల్లల డాక్టరు హైడ్రోకార్టిసోన్ లాంటి తేలికది రాసిస్తే, చెప్పినన్ని రోజులు, చెప్పిన చోట రాయి. భయంతో ఆవగింజంత తీసి పులిమితే దద్దురు పోదు, వాడకమూ తెగదు. పెద్దవాళ్ల చూపుడు వేలు కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నొక్కితే వచ్చేది అర గ్రాము. వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకి అది సరిపోతుంది. వార్డులో కొత్త అమ్మాయిలకి నేను ఈ లెక్కే నేర్పేదాన్ని. ఎరుపు, గరుకు రెండూ పోయేదాకా రాయాలి. ఎరుపు పోయి గరుకు ఉందంటే ఇంకా లోపల ఉన్నట్టే. తగ్గాక కూడా మాటిమాటికీ లేచే చోట్ల వారానికి రెండు రోజులు రాయమని కొందరు డాక్టర్లు చెబుతారు, అది అడుగు.

ఇంత చెప్పినా, అసలు మందు ట్యూబులో లేదు, తేమలో ఉంది. వీడి చర్మం గిలాబా రాలిన గోడలాంటిది. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి దుమ్ము లోపలికి పోతుంది. దానికి రోజూ పూత పెట్టాల్సిందే, దద్దురు ఉన్న రోజూ లేని రోజూ. సువాసన లేని మాయిశ్చరైజర్ ఏదైనా సరే. డబ్బా మీద పసిపాప నవ్వే బొమ్మ ఉన్నంత మాత్రాన మంచిది కాదు, లోపల అత్తరు వాసన వస్తే పక్కన పెట్టు. మా వార్డులో వైట్ సాఫ్ట్ పారఫిన్, అంటే తెల్ల వాజెలిన్, డబ్బాలు డబ్బాలు వాడేవాళ్లం. ఖరీదైన క్రీముకి అది ఏమీ తీసిపోదు. వాడి ఒంటికి వారానికి పావుకిలో దాకా పట్టినా ఆశ్చర్యపోకు. నువ్వు కొన్న యాభై గ్రాముల ట్యూబు రెండు రోజుల సరుకు. ఎండాకాలంలో మాత్రం జిడ్డుకి చెమట పట్టి చెమటకాయలు లేస్తాయి, అప్పుడు పల్చటి క్రీముకి మారు. మీ అత్తగారు కొబ్బరినూనె అంటున్నారు కదా, రాయనీ, మంచిదే. ఆవనూనె మాత్రం వద్దు, మండుతుంది.

స్నానం రోజుకోసారి, గోరువెచ్చటి నీళ్లు, ఐదు నిమిషాలు, పది దాటొద్దు. పొగలు వచ్చే నీళ్లు పోస్తే ఆ క్షణానికి దురద తీరినట్టుంటుంది, గంటకి రెట్టింపవుతుంది. మీ బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, రాలేదని ఇంకా రుద్దుతాం, అదే ముప్పు. మురికి ఉన్న చోటే కాస్త మెత్తటి క్లెన్జర్ చాలు. నలుగు, సున్నిపిండి, శనగపిండి ఇప్పట్లో మర్చిపో. నీళ్లలో డెట్టాల్ కలపొద్దు. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి ఆరకముందే, మూడు నిమిషాల్లో, మాయిశ్చరైజర్ పట్టించు. బట్టలు తర్వాత వేయొచ్చు, ఆ మూడు నిమిషాలూ పోగొట్టుకోకు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేస్తున్నారేమో కనుక్కో. ఆ వాసన నాకూ ఇష్టమే. కానీ పొగ వీడి చర్మానికీ పడదు, ఊపిరికీ పడదు.

వేపాకు, పసుపు నూరి పట్టు వేశామన్నావు. పగిలిన చర్మం మీద అది ఎండి బిగుసుకుని ఇంకా చీల్చేస్తుంది, మంట వేరే. మీ అత్తగారితో దానికోసం గొడవపడకు. దిష్టి తీస్తానంటే తీయనీ, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేస్తే ఎవరికీ నష్టం లేదు. తీశాక క్రీమ్ మాత్రం ఆవిడ చేతే రాయించు. ఆవిడ చేతుల్లోకి పని వెళ్లిందంటే ఒక్క పూట కూడా తప్పదు, చూస్తూండు.

తిండి దగ్గర మాత్రం గట్టిగా నిలబడు. గుడ్డు మానిపించాం, పాలు తగ్గించాం, చేప పెట్టడం లేదు, వంకాయ అసలే లేదు అన్నావు. మరి వాడేం తిని పెరగాలి? ఏదైనా తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లోపు, ఒళ్లంతా దద్దుర్లు పొంగినా, పెదాలు వాచినా, వాంతులైనా అది అలర్జీ కావచ్చు, డాక్టరుకి చెప్పి తీరాలి. అలాంటిదేం లేకుండా అనుమానంతో ఒక్కొక్కటీ తీసేస్తే దురద అలాగే ఉంటుంది, బరువు తగ్గుతుంది. టమాటా పప్పు తిన్నాక మూతి చుట్టూ ఎర్రబడుతోందన్నావు. అది చాలామందిలో పులుపు పైన తగిలి వచ్చే మంటే. తినిపించే ముందు మూతి చుట్టూ కాస్త వాజెలిన్ రాసి చూడు.

గోళ్లు వాడు నిద్రలో ఉండగా రెండు మూడు రోజులకోసారి కత్తిరించు. నూలు బట్టలే వేయి, కొత్తవి ఉతక్కుండా వేయకు, సర్ఫ్ పోయేదాకా ఇంకో నీళ్లలో జాడించు. మొలతాడు బిగుతుగా ఉంటే తీసేయ్, పండగకి కట్టుకోవచ్చు. గోకుతున్నప్పుడు "గోకొద్దు" అని అరవకు, ఆ వయసుకి అర్థం కాదు, పైగా నువ్వు చూస్తున్నావని ఇంకా గోకుతాడు. చేతిలో ఏదైనా పెట్టు, తడిబట్ట అద్దు, ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్లు. నిద్రపుచ్చడానికి ఎవరో చెప్పిన జలుబు సిరప్ మాత్రం పట్టకు. ఈ వయసు పిల్లలకి అందులో కొన్ని ప్రమాదం.

ఇవి కనిపిస్తే నా ఉత్తరం పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లు: పసుపుపచ్చ చెక్కు కట్టి రసి కారడం, చుట్టూ వేడిగా వాయడం, జ్వరం, లేదా ఒకే సైజు నీటి పొక్కులు గుంపుగా లేచి చిన్న చిన్న గుంటల్లా పగలడం. చివరిది, హెర్పిస్ అనే వైరస్ వల్ల మూతి మీద లేచే నీటి పొక్కు ఉన్నవాళ్లు ముద్దుపెట్టుకున్నా రావచ్చు, తెల్లారేదాకా ఆగే విషయం కాదు. చుట్టాలు వస్తే ముద్దులు వద్దని చెప్పడానికి మొహమాటపడకు, నా పేరు చెప్పు.

ఎప్పటికి పోతుంది అని అడిగావు. చాలామందికి బడికి వెళ్లే వయసుకి బాగా తగ్గుతుంది, కొందరికి ఉంటుంది. మావాడికి ముప్పై దాటాయి. ఇప్పటికీ చలికాలం బైకు కడిగాడంటే వేళ్లు పగులుతాయి, బీరువా మీద వాజెలిన్ డబ్బా ఉంటుంది. అదేం పెద్ద జబ్బులా వాడు ఎప్పుడూ అనుకోలేదు. హైదరాబాద్ చలి మన కాకినాడ చలిలా కాదు, పొడి చలి, సంక్రాంతి దాటేదాకా వీడికి కాస్త ఎక్కువే ఉంటుంది.

శుక్రవారం గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి బయల్దేరి శనివారం పొద్దునకి దిగుతాను. మీ పెదనాన్న పాత పంచెలు నాలుగు ఉతికి పెట్టాను, వాడి పక్క మీద వేయడానికి. నేనుండే రెండు రాత్రులూ వాడు నా దగ్గర పడుకుంటాడు. నువ్వు తలుపు వేసుకుని అవతలి గదిలో పడుకో.

మీ పెద్దమ్మ