‘వస్తాను’ అంటే ఎప్పుడు?

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథా, దానికి నువ్వే చేసుకున్న ఇంగ్లీషు అనువాదమూ చదివాను. తెలుగు కథలో నేను వేలు పెట్టాల్సిందేమీ లేదు. ఇంగ్లీషు మాత్రం మూడో పేజీకే నన్ను ఆపేసింది. పదకొండు పేజీల్లో ‘విల్’ ఎక్కడెక్కడ ఉందో పెన్సిల్‌తో సున్నా చుట్టుకుంటూ పోయాను. మొత్తం 64. అందులో సగం అక్కడ ఉండాల్సినవి కావు.

కంగారు పడకు, నేనూ ఈ తప్పుతోనే మొదలుపెట్టాను. ‘మా అమ్మ రోజూ చీకటితోనే లేచి కళ్ళాపి చల్లుతుంది’ అన్న వాక్యాన్ని ‘మై మదర్ విల్ గెట్ అప్’ అంటూ ఎత్తుకున్నాను. ఆ రాతప్రతి చూసిన ఎడిటర్ పక్కన ఎర్ర ఇంకుతో ‘ఎప్పట్నుంచి?’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపాడు. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక వెలిగింది. ఆయన చదివినదాంట్లో మా అమ్మ ఇంకా లేవనే లేదు. రేపట్నుంచి లేద్దామని అనుకుంటోంది, అంతే.

తిరకాసంతా మన ‘తాను’, ‘తాడు’, ‘తుంది’లలో ఉంది. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ అనే రెండింటికీ మనకి క్రియ ఒకటే. పాత వ్యాకరణంలో ఇవి వేరువేరు. అలవాటుకీ స్వభావానికీ ‘వండుదును’ అనే రూపం ఉండేది, దాన్ని తద్ధర్మం అన్నారు. జరగబోయేదానికి ‘వండెదను’ ఉండేది. వాడుకభాషలో ‘వండెదను’ పోయింది, ‘వండుదును’ కాస్తా ‘వండుతాను’గా మారి ఇద్దరి చాకిరీ తనే చేస్తోంది. మనకి ఇబ్బంది లేదు, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషు వాడికి అలా కుదరదు. అలవాటుకి ‘ఐ కమ్’ అనాలి, రేపటికి ‘ఐ విల్ కమ్’ అనాలి. అందుకే ‘విల్’ రాసే ముందు నీ తెలుగు వాక్యంలో ‘రోజూ’ పెట్టి ఒకసారి, ‘రేపు’ పెట్టి ఒకసారి చదువు. ‘రోజూ’ అతికితే ‘విల్’ కొట్టెయ్. (అలవాటుకి ‘విల్’ వాడే పద్ధతి ఇంగ్లీషులోనూ ఉంది, ‘హి విల్ సిట్ దేర్ ఫర్ అవర్స్’ అంటారు, గంటలకొద్దీ అలా కూర్చుండిపోయే రకం అన్నట్టు. చెయ్యి తిరిగేదాకా దాని జోలికి పోకు.)

స్కూల్లో బట్టీ పట్టిన నాలుగు ఫ్యూచర్ టెన్సుల పట్టికని కాసేపు పక్కన పెట్టు. ఆ మాటకొస్తే ఇంగ్లీషు క్రియకి భవిష్యత్ రూపమంటూ లేదు. ‘గో’ నిన్నటికి ‘వెంట్’ అవుతుంది, రేపటి కోసం మాత్రం ఇంకో మాటని తోడు తెచ్చుకోవాల్సిందే. ఆ తోడొచ్చిన ‘విల్’కి పూర్వం అర్థం ‘కోరుకోవడం’, ‘షల్’కి ‘బాకీ ఉండటం’. ఇప్పటికీ ఆ వాసన పోలేదు. ‘ఐ’, ‘వి’లకి ‘షల్’, మిగతావాళ్ళకి ‘విల్’ అన్న సూత్రం 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో ఉంది. మా మాస్టార్లు దాన్ని బెత్తంతో నేర్పారు, ఇప్పుడెవరూ పట్టించుకోవడం లేదు. నువ్వు ‘షల్’ని చట్టాలకి వదిలెయ్. మన రాజ్యాంగం మొదటి అధికరణంలో ‘ఇండియా, దటీజ్ భారత్, షల్ బి ఎ యూనియన్ ఆఫ్ స్టేట్స్’ అని ఉంది చూడు, అది భవిష్యత్తు గురించి కాదు, శాసనం.

ఇక నీ కథలో ఫోన్ ఘట్టం. తండ్రిని ఆస్పత్రిలో చేర్చారని తమ్ముడు చెబుతాడు. అక్క ‘వస్తున్నా’ అంటుంది. నువ్వు ‘ఐ విల్ కమ్’ అని రాశావు. తప్పు కాదు, కానీ అమ్మాయి మారిపోయింది. ‘ఐల్ కమ్’ అంటే ఆ కబురు విన్న క్షణంలో, ఫోన్ చెవి దగ్గర ఉండగానే తేల్చుకున్న మాట. ‘ఐయామ్ గోయింగ్ టు కమ్’ అంటే ముందే మనసులో అనుకుని ఉంది, మొగుడు వద్దన్నా సరే అన్నట్టు. ‘ఐయామ్ కమింగ్’ అంటే ఇక ఆలోచించడానికేమీ లేదు, చెప్పులేసుకుంటోంది. నీ కథలో ఆవిడ ఫోన్ పెట్టేసి సగం సర్దిన బ్యాగు జిప్పు లాగింది కదా? అంటే ఆవిడకి ముందే ఏదో తెలుసు. ఆ జిప్పు చప్పుడుకి ‘ఐ విల్ కమ్’ పొసగదు.

‘వాన పడితే రాను’ అన్నచోట ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అని రాశావు. ‘పడితే’లో మనకి కాలమే లేదు, నువ్వెందుకు తెచ్చిపెట్టావు? ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ చాలు. ‘వెన్’, ‘ఆఫ్టర్’, ‘అంటిల్’ వెనకా అంతే.

ఇంకోటి, ‘వస్తానన్నాడు’. మనం ‘అని’ తగిలించి వాడన్న మాటని వాడి గొంతుతోనే దాచేస్తాం, ‘వస్తాను’ చెక్కుచెదరదు. జరిగిపోయిన కథ చెప్పేటప్పుడు ఇంగ్లీషు దాన్ని వెనక్కి లాగుతుంది, ‘హి సెడ్ హి వుడ్ కమ్’ అంటుంది. ‘తాతయ్య అరుగు మీద కూర్చునేవాడు’కీ ఈ ‘వుడ్’ పనికొస్తుంది. అంతేగానీ ఆఫీసు ఈమెయిళ్ళలోలాగా మర్యాద అనుకుని ‘ఐ వుడ్ బి అటెండింగ్ టుమారో’ అని రాయకు. ‘కుదిరితే వచ్చేదాన్నే’ అన్నట్టు వినిపిస్తుంది. వస్తున్నావా, మానేస్తున్నావా తెలియక అవతలివాడికి టెన్షన్.

ఎనిమిదో పేజీలో ‘ఈపాటికి బస్సు వెళ్ళిపోయి ఉంటుంది’ని ‘ద బస్ విల్ హావ్ లెఫ్ట్ బై నౌ’ అన్నావు. భలే కుదిరింది. మన ‘ఉంటుంది’లాగే ఇక్కడ ‘విల్’ కూడా రేపటి మాట కాదు, ఊహ.

చివరి పేజీ గురించి కూడా చెప్పాలి. బస్టాండులో అమ్మమ్మ ‘వెళ్ళొస్తానమ్మా’ అంటుంది. ఆ తర్వాత ఆవిడ రాదు. ‘ఐ విల్ గో అండ్ కమ్’ అని అక్షరం పొల్లుపోకుండా దింపావు. అది ఇంగ్లీషు కాదంటారు, ‘ఐల్ బి గోయింగ్ దెన్’ అని సరిచేస్తామంటారు. ఒప్పుకోకు. ‘వెళ్తాను’ అనకూడదనే కదా మనవాళ్ళు ‘వస్తాను’ తగిలించేది! ఆ ఒక్క ‘విల్’ చుట్టూ గీసిన సున్నాని రబ్బరుతో చెరిపేశాను.

మీ మాస్టారు