వాచీలో ఒక లెక్క, డైట్ యాప్‌లో ఇంకో లెక్క: 640 క్యాలరీలు ఎక్కడి నుంచి వచ్చాయి?

మీరు ఇచ్చిన వివరాలు: వయసు 35, బరువు 70 కేజీలు, ఎత్తు 170 సెంటీమీటర్లు, మగవారు. ఉదయం 6 నుంచి 7 వరకు నడిచి రాగానే డైట్ యాప్‌లో ఎక్సర్‌సైజ్ కింద 640 క్యాలరీలు పడుతున్నాయి, ఒక్కోసారి ఆ నడకే రెండు ఎంట్రీలుగా కనిపిస్తోంది, వాచీని డైట్ యాప్ నుంచి డిస్కనెక్ట్ చేసి మళ్ళీ కలిపినా అంతే.

ముందు ఆ డిస్కనెక్ట్ చేయడం ఆపండి. మీ సింక్ బాగానే ఉందండీ. అంకె సరిగ్గానే వచ్చింది, కాకపోతే రావాల్సిన అంకె అది కాదు.

లెక్క వేసి చూద్దాం. మనం ఏ పనీ చేయకుండా పడుకున్నా ఒంట్లో కొంత ఖర్చవుతుంది కదా, దానికి చాలా యాప్‌లు వాడేది మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం. బరువుని 10తో, ఎత్తుని 6.25తో గుణించి కలిపి, వయసుని 5తో గుణించి తీసేసి, మగవారికైతే 5 కలపాలి, ఆడవారికైతే 161 తీసేయాలి. మీకు రోజుకి సుమారు 1,590 వస్తుంది, అంటే గంటకి 66. వాచీ అర్ధరాత్రి 12 నుంచే దీన్ని కూడుతూ పోతుంది, కాబట్టి 6 గంటలకి మీరు చెప్పులు వేసుకునే లోపే అక్కడ దాదాపు 400 ఉంటుంది. ఇక గంట సేపు కాస్త చురుగ్గా నడిస్తే కేజీకి 3.5 చొప్పున 245. రెండూ కలిపితే 640 దాటింది చూడండి. మీ డైట్ యాప్ నడకను కాదు, అర్ధరాత్రి నుంచి అయిన మొత్తాన్ని తీసుకుని ఎక్సర్‌సైజ్‌లో వేస్తోంది. ఎక్సర్‌సైజ్ క్యాలరీలు తిండి కోటాకి కలుస్తాయి కాబట్టి నిద్రపోయినందుకు కూడా దోసెలు ఇస్తోందన్నమాట.

ఇది నిజమో కాదో తేల్చుకోవడం తేలిక. రేపు లేవగానే, మంచం దిగకముందే డైట్ యాప్ రిఫ్రెష్ చేసి చూడండి. ఎక్సర్‌సైజ్ దగ్గర సున్నాకి బదులు మూడు వందలో నాలుగు వందలో ఉంటే అదే రోగం. ఆండ్రాయిడ్‌లో హెల్త్ కనెక్ట్ తెరిచి (హెల్త్ యాప్‌లు తమ లెక్కలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకునే చోటు ఇది, ఆండ్రాయిడ్ 14 నుంచి సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, పాత ఫోన్లకి ప్లే స్టోర్ నుంచి వేసుకోవాలి) డైట్ యాప్‌కి ఇచ్చిన పర్మిషన్లు చూడండి. 'టోటల్ క్యాలరీస్ బర్న్డ్', 'యాక్టివ్ క్యాలరీస్ బర్న్డ్' అని రెండు వేర్వేరుగా ఉంటాయి. మొదటిదాన్ని చదివే అనుమతి తీసేసి రెండోది మాత్రం ఉంచండి. ఐఫోన్ వాడేవాళ్ళకి హెల్త్ యాప్‌లో ఇవే 'రెస్టింగ్ ఎనర్జీ', 'యాక్టివ్ ఎనర్జీ' అని విడివిడిగా ఉంటాయి, యాక్టివ్ ఒక్కటే ఇస్తే సరిపోతుంది.

రెండు ఎంట్రీల సంగతి వేరు. అది నాకూ వచ్చింది కాబట్టి కాస్త గట్టిగానే చెప్పగలను. నా బ్యాండు యాప్ నేరుగా డైట్ యాప్‌కి కలిసి ఉండేది, అదే బ్యాండు యాప్ హెల్త్ కనెక్ట్‌లోకి కూడా రాసేది, డైట్ యాప్ అక్కడి నుంచీ చదివేది. ఇది చాలదన్నట్టు జేబులో ఉన్న ఫోన్ కూడా తన అడుగులు తను లెక్కపెట్టేది. ఏది ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడానికి ఒక రోజు ఫోన్ ఇంట్లో పెట్టి బ్యాండుతో నడిచాను, ఇంకో రోజు బ్యాండు తీసేసి ఫోన్‌తో నడిచాను. ఫోన్ లేని రోజు కూడా రెండు ఎంట్రీలు పడేసరికి రెండు దారుల సంగతి బయటపడింది, ఫోన్ ఒక్కటే ఉన్న రోజు దాని ఎంట్రీ విడిగా తెలిసింది. నేరుగా ఉన్న లింకు తీసేశాను, ఫోన్ అడుగులు రాసే యాప్‌కి హెల్త్ కనెక్ట్‌లో రాసే అనుమతి ఆపేశాను, ఒక్క దారి మిగిల్చాను. అప్పటి నుంచి డబుల్ పడలేదు. పాత ఎంట్రీలు మాత్రం వాటంతట అవి పోవు, చేత్తో తీసేయాల్సిందే.

నడిచొచ్చి మళ్ళీ డైట్ యాప్‌లో 'వాకింగ్ 60 నిమిషాలు' అని చేత్తో రాసే అలవాటు ఉందేమో చూసుకోండి, చాలామందికి ఉంటుంది.

మైఫిట్‌నెస్‌పాల్ లాంటి డైట్ యాప్‌లలో 'క్యాలరీ అడ్జస్ట్‌మెంట్' అని ఒక లైను వస్తుంది, దాన్ని చూసి టెన్షన్ పడకండి. అది నడక లెక్క కాదు. ట్రాకర్ ప్రకారం రోజు మొత్తానికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేసి, మీరు ఎంచుకున్న యాక్టివిటీ లెవెల్ ప్రకారం యాప్ ముందే అనుకున్నదాన్ని అందులోంచి తీసేస్తే మిగిలేది అది. అందుకే పొద్దున ఎక్కువ చూపించి, మీరు కుర్చీకి అతుక్కుపోయాక సాయంత్రానికి తగ్గిపోతుంది. నెగటివ్ అడ్జస్ట్‌మెంట్ ఆన్ చేయకపోతే సున్నా కిందికి దిగదు, కదలని రోజు కూడా తినే కోటా తగ్గదు.

నడక నిన్నటి తేదీలో పడటం మీ ప్రశ్నలో లేదు గానీ, మా బావగారికి అదే జరిగింది. ఆయన అయిదు కాకముందే బయల్దేరతారు. యాప్ తేదీని గ్రీనిచ్ సమయం ప్రకారం మారుస్తుంటే మన ఉదయం 5:30 వరకు దానికి ఇంకా నిన్నే. ప్రొఫైల్‌లో టైమ్ జోన్ భారత కాలమానానికి మార్చాక కుదిరింది. అమెరికా నుంచి సెలవులకి వచ్చినవాళ్ళు కూడా ముందు అదే చూసుకోవాలి.

అన్నీ సరిచేసినా ఆ 245లో కూడా గంటకి అయ్యే మామూలు ఖర్చు కలిసే ఉంది, అది తీసేస్తే నడక వల్ల అదనంగా అయ్యేది 175, 180 దగ్గర. పైగా మణికట్టు పరికరాలు గుండె వేగాన్ని బాగానే పట్టుకుంటాయి, క్యాలరీల దగ్గరే తేలిపోతాయి. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఏడు పరికరాలను పరీక్షిస్తే క్యాలరీల విషయంలో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పు చూపించింది. నేనైతే ఎక్సర్‌సైజ్ క్యాలరీలను తిండి కోటాకి కలిపే ఆప్షనే ఆపేశాను, యాక్టివిటీ లెవెల్ ఉన్నదున్నట్టు పెట్టి వారానికోసారి బరువు చూసుకుంటున్నాను. మీకు అది వద్దనుకుంటే వచ్చినదాంట్లో సగమే తినండి.

పర్మిషన్ మార్చాక కూడా 640 దగ్గరే వస్తుంటే, ఒకే సమయంలో వాచీ యాప్, హెల్త్ కనెక్ట్, డైట్ యాప్ మూడింటి స్క్రీన్‌షాట్లు తీసి ఇక్కడ పెట్టండి. అంకె ఏ మెట్టు దగ్గర మారుతోందో చూసి చెప్తాను.