సూర్యుడి గాలిలో హీలియం ఎందుకు ఎక్కువ తక్కువ అవుతుంది?

ప్రశ్న: సార్, 2023 సెప్టెంబరు 2న ఆదిత్య ఎల్‌1 రాకెట్ వెళ్తుంటే మిద్దెక్కి చూశాం. అది సూర్యుడి గాలిని కొలుస్తుందని మా పాప చెప్పింది. సూర్యుడి మచ్చలు పదకొండేళ్ల లెక్కన పెరిగి తగ్గుతాయి కదా, ఆ గాలిలో ఉండే సరుకు కూడా మారుతుందా?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మారుతుందమ్మా, బాగానే మారుతుంది. సూర్యుడి గాలిలో, అంటే సౌర పవనంలో, చాలా భాగం ప్రోటాన్లే, అంటే హైడ్రోజన్ కేంద్రకాలే. తర్వాత హీలియం కేంద్రకాలు, ఆక్సిజన్, ఇనుము లాంటివి మరీ కొంచెం. వీటిలో మచ్చలతో పాటు బాగా పెరిగి తగ్గేది హీలియం. అన్నట్టు ఈ హీలియం కథ మొదలైంది మన పక్క గుంటూరులోనే, 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణాన్ని ఫ్రాన్స్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడి నుంచే చూశాడు, పాపకు తప్పకుండా చెప్పండి.

మచ్చలు లేని రోజుల్లో, సెకనుకు 300, 400 కిలోమీటర్ల వేగంతో మెల్లగా వచ్చే గాలిలో వంద ప్రోటాన్లకు హీలియం ఒకటో రెండో ఉంటుంది. మచ్చలు నిండుగా ఉన్నప్పుడు నాలుగు దాకా వస్తుంది. 1994లో వెళ్లిన నాసా వారి విండ్ నౌక ఏళ్ల తరబడి కొలిచింది కాబట్టే ఈ హెచ్చుతగ్గులు ఇంత స్పష్టంగా కనిపించాయి.

కళ్లంలో వడ్లు తూర్పారబట్టడం చూసే ఉంటారు, గాలి ఎంత ఉంటే గింజ అంత దూరం పోతుంది, చాలకపోతే కాళ్ల దగ్గరే పడుతుంది. హీలియం ప్రోటాన్ కంటే నాలుగింతలు బరువు, సూర్యుడి ఆకర్షణ దాటాలంటే పైకి పోయే ప్రోటాన్లు దాన్ని ఢీకొని లాక్కుపోవాలి. ఆ ఊపు చాలనిచోట అది కిందే ఉండిపోతుంది.

అలాగని మొత్తం గాలి మారిపోతుందనుకోకండి. సూర్యుడి బయటి పొర కరోనాలో పలచగా ఉండే చోట్ల (వీటినే కరోనా రంధ్రాలంటారు) నుంచి సెకనుకు 700 కిలోమీటర్లు దాటి వచ్చే వేగం గాలిలో హీలియం ఏ కాలంలోనైనా నాలుగైదు శాతం దగ్గరే ఉంటుంది. మెల్లటి గాలిలోనే హీలియం మారడానికి నాకు ముఖ్యమనిపించే కారణం ఇదే: మెల్లటి గాలి ఒక్కో కాలంలో ఒక్కో చోటు నుంచి బయల్దేరుతుంది, మచ్చలు ఎక్కువైనప్పుడు వాటి చుట్టుపక్కల బలమైన అయస్కాంత క్షేత్రాలున్న చోట్ల నుంచి కూడా వస్తుంది. పైగా ఆ రోజుల్లో సూర్యుడి నుంచి ఎగిసిపడే ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వాయువు) మబ్బులూ ఎక్కువ, వాటిలో హీలియం ఒక్కోసారి పది శాతం దాటుతుంది.

పాప చెప్పింది నిజమే. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఆదిత్యలోని ఆస్పెక్స్ పరికరం ప్రోటాన్లనూ హీలియాన్నీ వేరుచేసి లెక్కపెడుతోంది. సూర్యుడు గరిష్ఠ దశకు చేరాడని 2024 అక్టోబరులో ప్రకటించారు కాబట్టి, మచ్చలు తగ్గేకొద్దీ హీలియం ఎలా తగ్గుతుందో మన నౌకే చూస్తుంది, నేను ఎదురుచూస్తున్నది ఆ అంకెల కోసమే.