బియ్యం సంచి మోయడం పని కాదా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చాలా ఏళ్లుగా చెన్నైలో ఉంటున్నాం. 10 కిలోల బియ్యం సంచిని తలమీద పెట్టుకుని చదునైన దారిలో ఎంత దూరం నడిచినా ఆ సంచి మీద మనం చేసే పని సున్నా అని బడిలో చెప్పారని తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి అన్నాడు. అంగడి నుంచి సరుకులు మోసుకొచ్చే మా మామగారు ఆ మాటకు నొచ్చుకుని, "అయితే నా కష్టం లెక్కలోకి రాదా?" అన్నారు. లోకంలో ఉన్న మాటకు శాస్త్రం ఇలా వేరే అర్థం కట్టడం న్యాయమేనా? రెండింటిలో ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: రెండూ సరైనవే. మీ మామగారు నొచ్చుకోవడంలోనూ న్యాయముంది. 'పనిమీద వచ్చాను', 'నీతో పనిపడింది', 'మందు పనిచేయలేదు' అని మనం అనేటప్పుడు పని అనే ఒక్క మాటలో శ్రమ, అక్కర, ప్రయోజనం అన్నీ ఇమిడిపోతాయి. భౌతికశాస్త్రం ఇందులో ఒక్క పోగును మాత్రమే తీసుకుంది. వస్తువు మీద ప్రయోగించిన బలాన్ని, ఆ బలం దిశలో వస్తువు కదిలిన దూరంతో గుణిస్తే వచ్చేదే అక్కడ పని. సంచిని నిలిపి ఉంచే బలం పైకి పనిచేస్తుంది, నడక అడ్డంగా సాగుతుంది. కనుక ఆ బలం చేసిన పని సున్నా అవుతుంది.

ఇంత ఇరుకైన అర్థం ఎందుకు అవసరమైందో తెలిస్తే కోపం తగ్గుతుంది. గనుల్లో నీరు తోడే ఆవిరియంత్రాలు వచ్చాక, ఏ యంత్రం ఎంత ఉపయోగపడుతున్నదో పోల్చడానికి ఒక కొలత కావలసి వచ్చింది. ఎంత బరువును ఎంత ఎత్తుకు ఎత్తిందన్నదే అందుకు అనువైన లెక్క అయింది. ఫ్రెంచి శాస్త్రవేత్త కొరియోలిస్ 1829లో ప్రచురించిన గ్రంథంలో ఈ రాశికి 'త్రవాయ్' అనే పేరు వాడాడు. అది ఫ్రెంచివారు నిత్యం శ్రమకు వాడుకునే మాటే. అంటే ఇక్కడ శాస్త్రం కొత్త మాటను పుట్టించలేదు, ఇళ్లలో తిరిగే మాటనే అరువు తీసుకుని దానికి గట్టి హద్దులు గీసింది.

మరి అలసట ఎక్కడిది? బరువును కదలకుండా పట్టుకున్నా కండరాల్లోని పోగులు బిగుసుకుని ఉండడానికి తిన్న ఆహారం నుంచి వచ్చిన శక్తిని ఖర్చు చేస్తూనే ఉంటాయి, ఆ ఖర్చు చివరకు వేడిగా మారుతుంది. సంచి మీద జరిగిన పని సున్నా అయినా మీ మామగారి ఒంట్లో ఖర్చయిన శక్తి సున్నా కాదు. ఈ ఒక్క వాక్యం కూడా బడిలో చెప్పి ఉంటే పెద్దాయన మనసు నొచ్చుకునేది కాదని నా అభిప్రాయం.

మీ అబ్బాయికి ఇలాంటి చిక్కులు ఇంకా ఎదురవుతాయి. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దిశతో నిమిత్తం లేనిది వడి, దిశతో కూడినది వేగం. కన్నడంలోనూ దిశ ఉన్నదాన్నే వేగ అంటారు, దిశ లేనిదానికి జవ అనే మాట ఉంది. తమిళ పుస్తకాల్లో మాత్రం దిశ లేనిదే వేగం. దిశ ఉన్నదాన్ని తిసైవేగం అంటారు. కాబట్టి ఇంట్లో తెలుగు పుస్తకం, బడిలో తమిళ పుస్తకం చూసే పిల్లవాడికి ఒకే మాట రెండు రాశులను చూపిస్తుంది. ఇంటి నుంచి బయలుదేరి అదే ఇంటికి తిరిగి వస్తే సగటు వేగం సున్నా అన్న లెక్క తెలుగు పుస్తకం ప్రకారం సరైనదే, తమిళ పుస్తకంలోని వేగానికి మాత్రం అది పొసగదు. బలం, శక్తి, సామర్థ్యం మన మాటల్లో ఒకదానికి బదులు ఒకటి వస్తాయి. పుస్తకంలో వాటి ప్రమాణాలు కూడా వేరే: న్యూటన్, జౌల్, వాట్.

నిజానికి చెన్నైలో కాపురముంటున్న మీకు ఈ విద్య కొత్తది కాదు. మీ ఇంట్లో 'అవసరం' అంటే అక్కర, పక్కింటి తమిళావిడ నోట అదే మాటకు తొందర అని అర్థం. ఎవరి అర్థం తప్పని మీరు ఏనాడూ తగవుపడి ఉండరు, గడప దాటగానే అర్థం మార్చుకుని ఉంటారు. శాస్త్రం గడప దగ్గర చేయవలసిందీ అదే.

అలా మార్చుకోకపోతే జరిగే నష్టం చిన్నది కాదు. వైద్యపరీక్షలో నెగెటివ్ అంటే వెతికిన రోగలక్షణం కనబడలేదని అర్థం, సాధారణంగా అది శుభవార్తే. వాడుకలో ఆ మాటకు చెడు అన్న ఛాయ ఉండడం వల్ల, కాగితం చేతికి అందగానే బెదిరిపోయేవారు ఉన్నారు. మాట వాడేవారే ముందుగా దాని అర్థం విప్పి చెప్పాలి. వినేవారు తమంతట తామే తెలుసుకుంటారని వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

మీ మామగారికి ఈ సంగతి చెప్పండి: ఆయన అదే సంచిని తొమ్మిది మీటర్ల ఎత్తున్న మూడో అంతస్తుకు మెట్లమీదుగా మోసుకెళితే, సంచి మీద జరిగిన పని దాదాపు 882 జౌళ్లు. ఆ లెక్కను మీ అబ్బాయి చేతనే వేయించి ఆయనకు చూపించండి.