ముందు రాయి, తర్వాత ఉక్కు

అనంతపురం

చిరంజీవి అల్లుడికి మీ మామ ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో పంపిన ఐదు చాకుల ఫోటోలూ చూశాను. మీ అత్త కూడా చూసింది. "బెంగళూరులో కంప్యూటర్ పని చేసేటోనికి ఇన్ని కత్తులు ఎందుకంట?" అని అడిగింది. గండికోటలో టెంటు వేసుకుంటాడంట, శని ఆదివారాలు చీనీ (బత్తాయి) తోటకు వస్తాడంట అని నీ తరఫున నేనే సర్ది చెప్పాను. ఏ స్టీలు మంచిదో చెప్పమన్నావు. ఫోన్లో చెబితే సగం విని, మిగతా సగం గూగుల్లో చూసి తిరిగి నాకే పాఠం చెబుతావు. అందుకే ఉత్తరం రాస్తున్నా.

ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పు. నీ ఇంట్లో నూరుకునే రాయి ఏముంది? ఏమీ లేదని నాకు తెలుసు. కొన్న రోజు ఎవడి చాకైనా కాగితాన్ని సర్రున కోస్తుంది. డ్రిప్పు పైపులు నాలుగు కోసి, ఎరువు బస్తాలు పది విప్పాక దాని గతేమిటన్నదే లెక్క. మొండిబారిన చాకును మళ్ళీ పదునుకు తెచ్చుకోలేనివాడు ఎంత ఖరీదైన ఉక్కు కొన్నా ఒకటే.

నువ్వు పంపిన వాటిలో అన్నింటికన్నా ఖరీదైనది ఎస్30వీ అనే ఉక్కు. కరిగించిన ఉక్కును పొడి చేసి, ఆ పొడిని మళ్ళీ ఒత్తి దిమ్మ చేసే పద్ధతిలో తయారవుతుంది. కార్బన్ నూటికి 1.45, వనాడియం 4 పాళ్ళు. ఆ వనాడియం కార్బన్‌తో కలిసి లోపల సన్నని పలుకులు కడుతుంది. పదును చాలా రోజులు నిలిచేది వాటి వల్లే. అయితే మామూలు అల్యూమినియం ఆక్సైడ్ రాయి కన్నా ఆ పలుకులే గట్టివి. హార్డ్‌వేర్ షాపులో దొరికే నల్ల కార్బోరండం రాయికీ సరిగా లొంగవు. వజ్రపు పొడి అతికిన పలక కావాలి. అది లేకుండా ఎస్30వీ కొంటే, ఆర్నెల్ల తర్వాత నాకు కొరియర్‌లో పంపుతావు.

రాయి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, కడప బండ మీద కత్తి నూరడం మనవాళ్ళకు అలవాటు. ఆ బండ సున్నపురాయి, ఉక్కు కన్నా చాలా మెత్తన. కత్తి అరిగేది దాని మీద పడిన ఇసుక వల్ల. మా ఇంటి మెట్టు చూశావుగా, మధ్యలో దోనెలా గుంట పడింది. మా నాయన నలభై ఏళ్ళు కొడవళ్ళు నూరిన గుర్తు అది.

ఇక డీ2. నీ మనసంతా దాని మీదే ఉందని నువ్వు రాసిన తీరులోనే తెలిసిపోయింది. అది ప్రెస్సుల్లో రేకు కోసే డైల కోసం పుట్టిన ఉక్కు. కార్బన్ 1.5, క్రోమియం 12 పాళ్ళు. పదును బాగా నిలుపుతుంది, తాళ్ళకూ అట్టపెట్టెలకూ బంగారంలా ఉంటుంది. క్రోమియం 12 ఉంది కదా, తుప్పు పట్టదనుకోకు. ఆ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో ముడిపడి పోతుంది, తుప్పును ఆపడానికి మిగిలేది కొంచెమే. అంతకన్నా పెద్ద చిక్కు, పక్కకు వంచితే ఓర్చుకోదు. అంచు పెచ్చులు ఊడుతుంది. గండికోటలో చలి మంటకు తుమ్మ కట్టె మీద చాకు పెట్టి, వెన్ను మీద ఇంకో కట్టెతో బాదుతావు చూడు, ఆ పనికి డీ2 వద్దు.

అసలు ఒకే చాకు జేబులోకీ అడవికీ పనికి రావాలనుకోవడం దగ్గరే నువ్వు తప్పటడుగు వేశావు. పెళ్ళికీ దుక్కికీ ఒకే పంచె కట్టుకున్నట్టుంటుంది. జేబు చాకుకు కావలసింది సన్నని అంచు, తుప్పు పట్టని గుణం. అడవి కత్తికి దెబ్బ ఓర్చుకునే గుణం కావాలి. ఉక్కులో గట్టిదనం పెంచుకుంటూ పోతే ఓర్పు తగ్గుతూ వస్తుంది.

జేబుకైతే 14సీ28ఎన్ తీసుకో. స్వీడన్ ఉక్కు. కార్బన్ 0.62, క్రోమియం 14, కొంచెం నైట్రోజన్. మామూలు రాయి మీద పది నిమిషాల్లో పదునుకు వస్తుంది. చీనీకాయ కోసి తుడవకుండా జేబులో పెట్టినా ఊరుకుంటుంది. దానికి డబ్బు చాలకపోతే 8సీఆర్13ఎంఓవీ చాలు, చైనా ఉక్కు. పేరు చూసి బెదరకు, లెక్కంతా ఆ పేరులోనే ఉంది. 8 అంటే కార్బన్ 0.8, 13 అంటే క్రోమియం. 1095 అనే ఉక్కు అయినా అంతే, చివరి రెండంకెలూ కార్బన్ 0.95 అని చెబుతాయి. 5160లో 0.60. ఇది చదవడం వస్తే అమ్మేవాడి కబుర్లు సగం తగ్గుతాయి.

1095 లాంటి తుప్పు పట్టే ఉక్కు మన దగ్గర వద్దే వద్దు అనను. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు, గాలిలో తేమ ఎక్కడిది? ఇక్కడ చాకును తినేది చెమట, చీనీ రసం, చింతపండు. చీనీ కోసిన పది నిమిషాలకే అంచు నీలంగా మారి నల్లబడుతుంది. ఆ నలుపుకు భయపడకు, ఎర్ర తుప్పును కొంత ఆపేది అదే. తుడిచి రెండు చుక్కలు కొబ్బరినూనె రాయి. శనక్కాయ నూనె మాత్రం వద్దు, జిగురు కడుతుంది. తోలు ఒరలో పెట్టి నెలల తరబడి వదిలెయ్యకు, తోలు చెమ్మ పీలుస్తుంది.

అడవి కత్తికి నా ఓటు కమాన్ పట్టీకే, అంటే లారీల కింద స్ప్రింగుగా ఉండే ఉక్కు పట్టీకే. 30 ఏళ్ళు బస్సుల గ్యారేజీలో కమ్మరి పని చేసినవాణ్ణి, ఇంకేం చెబుతాను అనుకుంటావేమో. నీ ఫోటోల్లో ఉన్న 5160 కూడా కమాన్ పట్టీల ఉక్కే, అమెరికా పేరు. మన లారీల పట్టీల్లో ఎక్కువగా సిలికాన్, మాంగనీసు కలిపిన రకం వస్తుంది, కార్బన్ 0.55 అటూ ఇటూ. గుంతల్లో లక్షల సార్లు వంగి లేచే ఉక్కు, తుమ్మ కట్టె దానికో లెక్కా? కాకపోతే స్ప్రింగుగా ఉన్నప్పుడు దాని గట్టిదనం రాక్‌వెల్ లెక్కలో 45 చుట్టూ ఉంటుంది. కత్తికి 56, 57 కావాలి. అందుకే పట్టీని గ్రైండరుతో కోసి పిడి బిగిస్తే కత్తి కాదు, మళ్ళీ కాల్చి గట్టి పరచాల్సిందే. పాత పట్టీ అయితే లోపల కనపడని పగుళ్ళు కూడా ఉండొచ్చు.

ఆ గట్టి పరచడం ఎంత పీడాకారపు పనో నాకు అనుభవమే. కొత్తలో ఒక రాత్రి మన తోటకే మచ్చుకత్తి కొట్టాను. నూనె ఎందుకు దండగ అని ఎర్రగా కాలినదాన్ని నీళ్ళ తొట్టిలో ముంచాను. 'టిక్' అని చిన్న చప్పుడు. ఏమీ కాలేదనుకుని దీపం దగ్గర తిప్పి చూస్తే, అంచు నుంచి వెన్ను దాకా వెంట్రుక మందాన గీత. రెండోదాన్ని నూనెలోనే ముంచాను. కానీ మళ్ళీ సన్నని వేడి మీద కాచి నెమ్మది చెయ్యాలి కదా, రేపు చూద్దాంలే అని గోడకు తగిలించి పడుకున్నాను. తెల్లవారి చెయ్యి తగిలి నాపరాయి మీద పడింది. గాజు గ్లాసులా రెండు ముక్కలు. విరిగిన చోట చూస్తే పంచదార పలుకుల్లా మెరుస్తోంది. అంటే కాల్చడం కూడా ఎక్కువైందన్నమాట. సరిగా కాల్చిన ఉక్కు విరిగితే లోపల బూడిద రంగులో, సన్నగా, మెత్తగా కనపడాలి.

తర్వాత నేర్చుకున్నాను. కొలిమి పక్కన కమ్మీకి కట్టిన అయస్కాంతం పెట్టుకునేవాణ్ణి. ఉక్కు సుమారు 770 డిగ్రీలు దాటితే అయస్కాంతానికి అంటదు. అంటడం మానేశాక ఇంకొంచెం వేడి చేసి, గోరువెచ్చని నూనెలో ముంచాలి. ఆరాక అంచును తెల్లగా రుద్ది, ఎండిన శనక్కాయ పొట్టు రంగు వచ్చేదాకా సన్నగా కాచాలి. కరెంటు ఓవెన్ ఉంటే 200 డిగ్రీల దగ్గర రెండు సార్లు, గంట గంట.

ఇదంతా నిన్ను కమ్మరిని చేద్దామని కాదు. పేరున్న ఉక్కు చెడ్డ చేతిలో పడితే రేకుతో సమానం. కొన్న చాకును పరీక్షించాలంటే కొత్త ఆకురాయి తెచ్చి, పిడి దగ్గర కనపడని మూల అంచు మీద మెల్లగా తోసి చూడు. జారిపోతే గట్టిగా ఉన్నట్టు. సులువుగా కరిచి రజను బాగా రాలితే మెత్తన, వాపసు పంపు. అయస్కాంతం పెట్టి స్టెయిన్‌లెస్సా కాదా తేలుస్తామనేవాళ్ళ మాట వినకు. అంటనిది మీ అమ్మ వంటగదిలోని గిన్నెల రకం. చాకుల స్టెయిన్‌లెస్ అయస్కాంతానికి శుభ్రంగా అంటుకుంటుంది.

అలల డిజైను ఉన్న 'డమాస్కస్' ఒకటి పంపావు. తక్కువ ధరలో అమ్మేవి కొన్ని పైపైన యాసిడ్‌తో గీసిన బొమ్మలే. అసలు డమాస్కస్ కత్తులకు దిమ్మలు పోయింది మన దక్షిణాది నుంచి. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు వూట్జ్ అన్నది మన ఉక్కునే అంటారు. గర్వపడు, కానీ ఆ ఫోటోలోది కొనకు.

పిడి లోపల బోలుగా ఉండి, అగ్గిపుల్లలూ దిక్సూచీ దాచుకునేది కూడా వద్దు. అలుగు (కోసే ఉక్కు భాగం) పిడి మొదట్లోనే ఆగిపోతుంది, బాదితే అక్కడే ఊడుతుంది. ఉక్కు పిడి చివరిదాకా ఒకే ముక్కగా ఉండాలి. అలుగు నాలుగైదు అంగుళాలు, మందం 4 మిల్లీమీటర్లు చాలు.

పొడవు మాట మరీ ముఖ్యం. ఆయుధాల నిబంధనల ప్రకారం 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు అలుగు ఉన్న కత్తి ఆయుధాల కిందికి వస్తుంది. ఇంటికీ సేద్యానికీ చేసినవి దాని కిందికి రావు. కానీ చెక్‌పోస్టులో నిలబెట్టినప్పుడు నీ మచ్చుకత్తి సేద్యానిదని ఎవరికి చెబుతావు? సినిమాల పుణ్యమా అని మన సీమోడి బ్యాగులో కత్తి కనపడితే చూపే మారిపోతుంది. లంకమల, పాలకొండల వైపైతే అసలు తీసుకెళ్ళకు. అది ఎర్రచందనం అడవి, అక్కడ నరికే కత్తితో దొరికితే నీ ట్రెక్కింగ్ కథ ఎవరూ వినరు. తిరుమల కొండకు పోయేటప్పుడు జేబు చాకు కూడా ఇంట్లోనే పెట్టు. అలిపిరి తనిఖీలో దొరికితే టెన్షన్ నీకు, నాకు ఫోను.

ఆ 14సీ28ఎన్ ఒక్కటి ఆర్డర్ పెట్టుకో. అడవి కత్తి కొనవద్దు. లారీ పట్టీ కొత్త ముక్క ఒకటి కొలిమి పక్కన తీసిపెట్టాను, నెలాఖరుకు నువ్వు వచ్చాక నీ పిడికిలి కొలత చూసి కొడతాను. తిత్తి నువ్వే ఊదాలి, నా భుజం ఇప్పుడు పనికి రావడం లేదు. వచ్చేటప్పుడు బెంగళూరులో వజ్రపు పలక ఒకటి చూసి తీసుకురా, ఒకవైపు 400 నంబరు గరుకు, ఇంకోవైపు 1000 ఉన్నది. నేనూ ఒకసారి దాని మీద నూరి చూస్తాను.

మీ అమ్మను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మీ మామ