హనుమకొండలో ఉద్యోగం చేసుకుంటూనే విదేశాలు చూసి రావచ్చా?

మీరు అడిగింది ఇది: హనుమకొండలో ఉద్యోగం, నెలకు 35 వేల జీతం, ఇంట్లో అమ్మానాన్న, అప్పుడే సంబంధాల మాటలు మొదలయ్యాయి. ఉద్యోగం మానేయకుండా విదేశాలు చూసి రావడం అయ్యే పనేనా?

అవుతుంది. నేనూ హనుమకొండలోనే ఒక ఐటీ కంపెనీ బ్రాంచిలో పనిచేస్తాను. సొంతూరు పరకాల దగ్గర. కొన్నేళ్లుగా దాదాపు ఏడాదికో దేశం చూసి వస్తున్నాను. నా లెక్కలో డబ్బు మూడో సమస్య. మొదటిది ఇల్లు, రెండోది సెలవులు. చాలామంది డబ్బు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

ముందు ఇంటి సంగతి చెప్తాను. మన దిక్కు విదేశం అంటే రెండే దారులు తెలుసు. ఒకటి అమెరికా చదువు, రెండోది గల్ఫ్ పని. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు మనిషి పోని ఊరు దొరకడం కష్టం. సౌదీ పోయినా, మస్కట్ పోయినా ఊళ్లో "దుబాయి పోయిండు" అనే అంటారు. అలాంటి చోట "ఊరికే చూసొస్తా" అంటే ఎవరికీ అర్థం కాదు. మా పక్కింటి పెద్దాయన నన్ను అడిగిన మొదటి మాట, "ఏ కంపెనీల బిడ్డా? వీసాకు ఎంత కట్టినవ్?" అని. మా అమ్మ అయితే, "పెండ్లయినంక మీ ఆయన్తోటి పోరాదు" అంది. నేను వాదన పెట్టుకోలేదు. గల్ఫ్ పోయి పెట్టెలో తిరిగొచ్చిన వాళ్లను మా అమ్మ చూసింది. ఆ మాట ఆ భయంలోంచి వచ్చిందని నాకు తెలుసు.

అందుకే నా మొదటి ప్రయాణం దుబాయికే పెట్టుకున్నాను. మా చిన్న మేనమామ షార్జాలో ఉంటాడు, బిల్డింగుల్లో ఎలక్ట్రికల్ పని. ఆయనే అమ్మకు ఫోన్ చేసి "పంపియ్యే అక్కా, నేనున్న గద" అన్నాడు. నేను నెలల తరబడి చెప్పినా కదలని అమ్మ ఆ ఒక్క మాటకు ఒప్పుకుంది. ఆదివారం ఆయనకు సెలవు. దేరా నుంచి బర్ దుబాయి వైపుకు క్రీక్ మీద అబ్రా పడవలు నడుస్తాయి, టికెట్ ఒక్క దిర్హమ్. అందులో అటూ ఇటూ తిరిగాం. తర్వాత బుర్జ్ ఖలీఫాకు రెండు టికెట్లు కొన్నాను. అన్నేళ్లుగా అక్కడ ఉండి, ఎన్నో టవర్లకు వైర్లు లాగిన మనిషి ఆయన. టికెట్ కొనుక్కుని ఏ టవరూ ఎక్కలేదు. పైన అద్దం దగ్గర నిలబడి, తాను పనిచేసిన బిల్డింగులు ఒక్కొక్కటిగా వేలితో చూపించాడు. అక్కడి నుంచే అమ్మకు వీడియో కాల్ చేశాడు. ఆ మరుసటి ఏడు అమ్మే అడిగింది, "ఈసారి యాడికి?" అని.

కాబట్టి మీ మొదటి ప్రయాణం మీ వాళ్లెవరో ఒకరున్న చోటికి పెట్టుకోండి. ఉత్తర తెలంగాణలో అలాంటి మనిషి లేని కుటుంబాలు తక్కువ. అది గొప్ప టూరిస్టు స్థలం కాకపోయినా సరే. ఇంట్లో వాళ్లకు ఒక గొంతు భరోసా ఇస్తుంది, మీకు ఎయిర్‌పోర్టు, ఇమిగ్రేషన్, పరాయి డబ్బు అన్నీ అలవాటవుతాయి. అంతకంటే పెద్ద సంగతి, మనవాళ్లు అక్కడ ఎలా బతుకుతున్నారో కళ్లారా చూస్తారు. నేను మామ గదికి వెళ్లాను. ఆ రోజు చూసిన బంకు మంచాలు, గోడకు వేలాడే బ్యాగులు, వంతుల వారీగా వంట, ఇవి తెలియకుండా దుబాయి చూశానని చెప్పుకోలేను.

ఇక సెలవులు. జీతం పెరగొచ్చు, సెలవులు పెరగవు. క్యాలెండర్ రాగానే నేను చేసే మొదటి పని, వారం మధ్యలో వచ్చే పండుగలు వెతకడం. బుధవారం సెలవొస్తే సోమ, మంగళ, గురు, శుక్ర నాలుగు రోజులు పెడితే చాలు, శని ఆదివారాలు రెండు వైపులా కలిసి తొమ్మిది రోజులు చేతికొస్తాయి. క్లయింట్ అమెరికా వాళ్లయితే ఇంకో అవకాశం ఉంది. నవంబర్ నాలుగో గురువారం వాళ్లకు థ్యాంక్స్‌గివింగ్. ఆ వారం పని బాగా తగ్గుతుంది, మేనేజర్ కూడా సులువుగా ఒప్పుకుంటారు. థాయిలాండ్, కంబోడియాలలో వానలు వెనక్కి తగ్గి చల్లబడే కాలం కూడా అదే. వియత్నాం మధ్య భాగం, అంటే హోయి అన్, హ్యూ వైపు మాత్రం అక్టోబర్, నవంబర్‌లలో భారీ వానలు, వరదలు. దసరా సెలవుల్లో అక్కడికి టికెట్లు కొనేముందు ఇది గుర్తుపెట్టుకోండి.

దసరాకు నేనెలాగూ కదలను. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర అమ్మతో, వదినతో ఉండాలి. అది నాకు నేను పెట్టుకున్న నియమం. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వస్తుంది కదా, ఆ ఏడు ఆ రోజులు కూడా తీసి పక్కన పెడతాను. ఇవి పోగా మిగిలినవే నా రోజులు. ఇంటి పండుగలకు ముందుండే మనిషిని ఇంట్లో వాళ్లు మిగతా రోజుల్లో ఆపరు. ఇది నేను నమ్మి చేస్తున్న పని, మీకూ పనికొస్తుంది.

లాప్‌టాప్ తీసుకెళ్లి అక్కడి నుంచి పనిచేయొచ్చు కదా అని మీరు చివర్లో రాశారు. వద్దు. టూరిస్టు వీసా మీద పనిచేయడాన్ని చాలా దేశాలు ఒప్పుకోవు. కంపెనీ లాప్‌టాప్‌ను దేశం దాటించాలంటే ఐటీ సెక్యూరిటీ వాళ్ల అనుమతి కావాలి. నిజంగానే దూరం నుంచి పనిచేస్తూ ఉండాలనుకునేవారికి వేరే వీసాలున్నాయి. థాయిలాండ్ 2024లో డీటీవీ అని ఒకటి తెచ్చింది, అయిదేళ్లు చెల్లుతుంది. కానీ చేతిలో 5 లక్షల బాట్‌లు చూపించాలి. మన జీతాలకు అది దగ్గర్లో లేదు. వెళ్లే ముందు వారంలో పని పూర్తిగా అప్పగించండి, ఎవరి దగ్గర ఏముందో ఒక మెయిల్‌లో రాసి పెట్టండి, తొమ్మిది రోజులు నిశ్చింతగా ఉండండి.

ఆ తొమ్మిది రోజుల్లో మూడు దేశాలు చూపిస్తామనే ప్యాకేజీల జోలికి పోవద్దని నా గట్టి మాట. ఒకే ఊళ్లో ఉండండి. నేను కంబోడియాలో సియెమ్ రీప్ తప్ప ఇంకేమీ చూడలేదు, అందుకు చింత కూడా లేదు. అక్కడి అంగ్కోర్ గుడులకు ఒక రోజు పాసు 37 డాలర్లు, మూడు రోజుల పాసు 62. మూడు రోజుల పాసును పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు, వరుసగా తిరగనక్కర్లేదు. ఒక రోజు గుడి, ఒక రోజు ఊళ్లో మార్కెట్, మధ్యాహ్నం నిద్ర, అలా తిరిగాను. అంగ్కోర్ వాట్ పడమటి ముఖం గుడి. అందుకే తెల్లవారుజామున ముందు కొలను దగ్గర నిలబడితే సూర్యుడు గోపురాల వెనక నుంచి పైకొస్తాడు. జనమంతా ఆ ఫొటో తీసుకుని టిఫిన్‌కు వెళ్లిపోతారు. మీరు అప్పుడే లోపలికి వెళ్లండి. చుట్టూ ఉన్న వసారాల గోడల మీద కురుక్షేత్రం ఉంది, రామరావణ యుద్ధం ఉంది, క్షీరసాగర మథనం ఉంది. అంపశయ్య మీద భీష్ముణ్ని నేను ముందే గుర్తుపట్టి చూపిస్తే, మా గైడు సంతోషంతో నన్నే కథ చెప్పమన్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరం ఒకే కథ ఒకరికొకరం చెప్పుకున్నాం. ఆ గుడికి 1986 నుంచి 1993 వరకు మన దేశపు పురావస్తు శాఖ వాళ్లే మరమ్మతులు చేశారని ఆయనే చెప్పాడు.

ఇక్కడ ఒక మాట. బయటికి వెళ్లేముందు రామప్పను ఒకసారి తీరిగ్గా చూడండి. మనం అక్కడికి స్కూలు పిక్నిక్‌కు వెళ్లి అన్నం తిని వచ్చేస్తాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దాని గోపురంలో వాడిన ఇటుకలు నీళ్ల మీద తేలేంత తేలిక. నేను మళ్లీ వెళ్లి, బయట మదనికల విగ్రహాలను, గోపురాన్ని నిదానంగా చూసి, ఆ తర్వాత ఏడు వియత్నాంలో హోయి అన్ వెళ్లాను. అక్కడికి ఓ గంట దూరంలో కొండల మధ్య మీ సన్ అనే చోటుంది. చంపా రాజులు నాలుగో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా కట్టిన శివాలయాలు. దాదాపు అన్నీ ఇటుకతో కట్టినవే. రెండు ఇటుకల మధ్య సున్నం గీత కనపడదు, ఎలా అతికించారని ఇప్పటికీ పరిశోధిస్తూనే ఉన్నారు. 1969లో అమెరికా బాంబులకు అందులో అతి పెద్ద గుడి కూలిపోయింది. మిగిలినవాటిని బాగుచేయడానికి వెళ్లిన మన పురావస్తు శాఖ వాళ్లకే 2020లో తవ్వకాల్లో తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా శివలింగం దొరికింది. రామప్ప ఇటుకను చూసిన కంటితో ఆ గోడ ముందు నిలబడితే కలిగే ఆనందం వేరు. అది ప్యాకేజీ టూరులో అరగంటలో దొరకదు.

డబ్బు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. జీతం పడ్డ రోజే బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌కు 5 వేలు కదిలేలా పెట్టాను. ఏడాదికి 60 వేలు, వడ్డీ అదనం. ఒక్క ఊళ్లో ఉండి, ఆడవాళ్ల హాస్టల్ డార్మిటరీలో పడుకుని, టికెట్లు ముందే కొంటే ఆగ్నేయాసియా ప్రయాణం నాకు 60 నుంచి 80 వేల మధ్య అయింది. వియత్నాం ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, ప్రభుత్వ సైటులో మీరే చేసుకోవచ్చు, ఏజెంటు అక్కర్లేదు. మీ కార్డులో విదేశీ వాడకం ఆఫ్‌లో ఉంటుంది, బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోండి. అక్కడ కార్డు గీకినప్పుడు మెషిన్ "రూపాయల్లో కట్టమంటారా" అని అడిగితే వద్దని, ఆ దేశపు కరెన్సీనే నొక్కండి. రూపాయల్లో కడితే వాళ్లకు లాభమయ్యే మారకం రేటు పడుతుంది. మన సిమ్‌కు రోమింగ్ బయలుదేరే ముందే ఆన్ చేయించండి, లేకపోతే ఓటీపీలు రావు.

తిండి విషయంలో అమ్మలకు ఒక పని అప్పగించండి. మా అమ్మ సకినాలు, పల్లి పట్టీలు కట్టిస్తుంది. వాళ్లకదో తృప్తి, మనకు వారం రోజుల ధైర్యం. అయితే ఎండు కొబ్బరి మాత్రం పెట్టనివ్వకండి. దాంట్లో నూనె వల్ల నిప్పంటుకునే వస్తువుగా లెక్కిస్తారు, చెక్-ఇన్ బ్యాగులో ఉంటే తీసేయిస్తారు. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి.

శంషాబాద్ చేరడం మనకు సగం రోజు పని. మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025లో కేంద్రం ఆమోదం తెలిపింది కానీ అది తయారయ్యేదాకా హైదరాబాదే దిక్కు. నేను హనుమకొండలో బస్సెక్కి ఉప్పల్‌లో దిగి, అక్కడి నుంచి ఎల్బీ నగర్ మీదుగా వెళ్లే పుష్పక్ ఎయిర్‌పోర్టు బస్సు పట్టుకుంటాను. అంతర్జాతీయ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే ఉంటాయి కాబట్టి మధ్యాహ్నం బయలుదేరినా ఇబ్బంది లేదు. నలుగురుంటే కారు నయం, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే సిటీలోకి పోకుండానే శంషాబాద్ చేరతారు.

పాస్‌పోర్టు లేదని రాశారు. వరంగల్ హెడ్ పోస్టాఫీసులోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. 36 పేజీలది మామూలుగా అయితే 1500 రూపాయలు. టెన్త్ మెమో తప్పకుండా పెట్టండి. అది పెడితే ఈసీఆర్ ముద్ర పడదు. ఆ ముద్ర ఉన్నవాళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. మలేషియా, థాయిలాండ్ కూడా ఆ జాబితాలోవే.

అప్లికేషన్ పెట్టకముందే పేరు చూసుకోండి. మన దగ్గర టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది. కొందరు పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒకే గడిలో రాస్తారు. దుబాయి, షార్జాలున్న యూఏఈ అయితే 2022 నవంబర్ నుంచి పాస్‌పోర్టులో ఒకే ఒక్క పదం పేరుగా ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వడం లేదు. ముందు ఆధార్‌ను మెమో ప్రకారం సరిచేయించి, ఇంటిపేరు దాని గడిలో, మీ పేరు దాని గడిలో రాయండి. టికెట్ కూడా అక్షరం పొల్లు పోకుండా అదే పేరుతో తీసుకోండి. మెమోలో, ఆధార్‌లో పేర్లు ఎలా తేడాగా ఉన్నాయో కింద రాస్తే, ఏది ముందు మార్చుకోవాలో చెప్తాను.